అమెరికాలో ఆర్‌వి ర్యాలీలు: విడిది, విద్యుత్తు, నియమాలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అమెరికాలో ఆర్‌వి ర్యాలీలు ఎలా పుట్టి, ఎలా మారాయో వివరించగలుగుతారు.
• విద్యుత్తు వనరుకూ, ర్యాలీ జరిగే చోటుకూ ఉన్న సంబంధాన్ని లెక్కతో సహా చూపగలుగుతారు.
• సంఘాల నియమాలను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

ర్యాలీ అనగానే మనకు జెండాలు, నినాదాలు, ఊరేగింపు గుర్తుకు వస్తాయి. అమెరికాలో ఈ మాటకు మరో అర్థం కూడా ఉంది. వంట, పడక, స్నానం వంటి సౌకర్యాలన్నీ ఉన్న వాహనాన్ని అక్కడ రిక్రియేషనల్ వెహికల్, పొట్టిగా ఆర్‌వి అంటారు. సొంత ఇంజను ఉన్న మోటార్ హోమ్, కారు వెనుక తగిలించి లాగే ట్రైలర్ రెండూ ఆర్‌విలే. ఇలాంటి వాహనాల వాళ్ళు పదుల సంఖ్యలోనో, వేల సంఖ్యలోనో ఒకచోట చేరి కొన్ని రోజులు విడిది చేయడమే ఆర్‌వి ర్యాలీ.

పైకి ఇది కాలక్షేపంలా కనిపిస్తుంది. కానీ చరిత్ర విద్యార్థి ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రాత్రికి రాత్రి ఒక ఊరంత జనం ఖాళీ నేల మీద దిగితే వారికి నీరు, వెలుగు ఎక్కడి నుండి వస్తాయి? ఎవరెంత వాడుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు? గత నూరేళ్ళలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు మారుతూ వచ్చాయి. వాటితో పాటు ర్యాలీ జరిగే చోటు, అక్కడికి రాగలిగిన మనుషులు కూడా మారారు. ఈ భాగంలో మనం ఆ మార్పును అనుసరిద్దాం.

2. ఆరంభ దశ: సొంత దీపం, ఊరి స్థలం

1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్-ఆరో సంస్థ టూరింగ్ లాండో అనే కారును ప్రదర్శించింది. విడిదికి వీలుగా తయారైన తొలి కార్లలో ఇది ఒకటి. అయితే అది ధనవంతుల వస్తువు. ఆ తరువాత కొన్నేళ్ళకు హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, హార్వే ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్ కలిసి చేసిన యాత్రలు దేశమంతటా వార్తలయ్యాయి. తమను తాము 'వాగబాండ్స్' అని, అంటే దేశదిమ్మరులని పిలుచుకున్న ఈ బృందం వెంట వంటబండి, వంటమనిషి, సామాను మోసే వాహనాలు ఉండేవి. 1919 యాత్రలో సుమారు 50 వాహనాలు పాల్గొన్నాయి. ఎడిసన్ స్టోరేజి బ్యాటరీల పుణ్యమా అని అడవి మధ్యలో గుడారాలలో విద్యుద్దీపాలు వెలిగాయి. 1921లో అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ కూడా వీరి విడిదికి వచ్చాడు.

అదే 1919లో సామాన్యుల విడిది కూడా ఒక రూపం తీసుకుంది. ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా నగరంలో డి సోటో పార్కులో దిగిన కారు యాత్రికులు 'టిన్ క్యాన్ టూరిస్ట్స్' అనే సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూత మీద ఒక రేకు డబ్బా బిగించుకోవడం వారి గుర్తు. చలికాలంలో ఫ్లోరిడాలో, వేసవిలో ఉత్తరాన మిషిగన్‌లో వారి సమావేశాలు జరిగేవి. విడిది చేసిన చోటును శుభ్రంగా వదిలి వెళ్ళాలి, దారిలో తోటి సభ్యుడి బండి ఆగిపోతే సాయం చేయాలి వంటి నియమాలు వారికి ఉండేవి.

వీరికి వెలుగు ఎక్కడిది? ఎక్కువగా కిరోసిన్ లాంతర్లే. అయితే 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ ఒక పెద్ద మలుపు. చేతితో తిప్పే పని తప్పించడానికి వచ్చిన ఈ ఏర్పాటు వల్ల ప్రతి కారులోనూ ఒక బ్యాటరీ, దాన్ని నింపే జనరేటర్ చేరాయి. 1919 నుండి ఫోర్డ్ మోడల్ టి కార్లకు కూడా ఈ స్టార్టర్ దొరికింది. అంటే కారు కొన్నవాడు తెలియకుండానే ఒక చిన్న విద్యుత్ కేంద్రాన్ని వెంట తెచ్చుకున్నాడన్నమాట.

వెలుగు సొంతమే అయినా నేల మాత్రం ఊరిది. మొదట్లో పట్టణాలు వ్యాపారం పెరుగుతుందని ఉచిత విడిది స్థలాలు ఏర్పాటు చేశాయి. 1920ల మధ్య నాటికి చాలాచోట్ల రుసుము పెట్టాయి. డబ్బు లేనివారు వచ్చి స్థిరపడిపోతారన్న భయం దీనికి ఒక ముఖ్య కారణం. 'యాత్రికుడు' ఎవరు, 'దిక్కులేనివాడు' ఎవరు అనే విభజన అప్పుడే మొదలైంది. ఈ విభజనను గుర్తుంచుకోండి. చివరి దశలో ఇది మళ్ళీ మన ముందుకు వస్తుంది.

నియమావళిని ఎలా చదవాలి?

సంఘాల నియమాలు చరిత్రకు మంచి ఆధారాలు. ఒక నియమం పుట్టిందంటే సాధారణంగా దాని వెనుక ఒక తగవు ఉంటుంది. శుభ్రత గురించి నొక్కి చెప్పవలసి వచ్చిందంటే చెత్త వదిలి వెళ్ళినవారు ఉన్నారని, ఊరివారు విసుక్కున్నారని ఊహించవచ్చు. అదే సమయంలో నియమావళి చెప్పని సంగతులు కూడా ఉంటాయి. దక్షిణాది రాష్ట్రాలలో జాతివివక్ష చట్టాలు అమలులో ఉన్న కాలమది. నల్లజాతి యాత్రికులకు ఎక్కడ బస దొరుకుతుందో చెప్పడానికి విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుండి 'గ్రీన్ బుక్' ప్రచురించవలసి వచ్చింది. 'అందరికీ రోడ్డు తెరిచే ఉంది' అన్న మాట అందరి విషయంలోనూ నిజం కాలేదు.

3. బిడారు దశ (1951–1964)

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ర్యాలీ నిర్వహణకు ఒక పద్ధతి ఏర్పడటంలో ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల తయారీదారు వాలీ బయమ్ (1896–1962) పాత్ర పెద్దది. 1951లో ఆయన నాయకత్వంలో 60కి పైగా ట్రైలర్లు మెక్సికో, మధ్య అమెరికాల వైపు బయలుదేరాయి. రోడ్లు సరిగా లేక చాలామంది మధ్యలోనే వెనుదిరిగారు. అయినా ప్రయత్నం ఆగలేదు. 1955లో కెనడాలోని కెంట్‌విల్‌లో ఆయన పేరుతోనే ఒక సంఘం ఏర్పడింది. 1959–60లో 41 ట్రైలర్ల బిడారు ఆఫ్రికాలో కేప్‌టౌన్ నుండి కైరో వరకు సాగింది. బయమ్ మరణానంతరం 1963–64లో సింగపూర్ నుండి లిస్బన్ దాకా సాగిన బిడారు మన దేశం మీదుగా కూడా వెళ్ళింది.

ఇలాంటి ప్రయాణంలో రాత్రి విడిదికి ఎక్కడా కరెంటు కనెక్షన్ ఉండదు. కాబట్టి ట్రైలర్ తన అవసరాలు తానే తీర్చుకోవాలి. 1950ల చివర వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ 'ఇంటర్నేషనల్' నమూనా దీపాలు, వేడినీళ్ళు, మరుగుదొడ్డి వంటి వాటిని బయటి కనెక్షన్ లేకుండానే అందించింది. దీని వెనుక ఉన్న సూత్రం సులువైనది. వేడి పుట్టించే పనులన్నీ గ్యాసుకు, వెలుగు వంటి చిన్న పనులు బ్యాటరీకి అప్పగించారు. ఫ్రిజ్ కూడా గ్యాసు మంటతోనే నడిచేది. స్వీడన్‌కు చెందిన ఫాన్ ప్లాటెన్, మంటర్స్ అనే విద్యార్థులు 1922లో కనుగొన్న పద్ధతి ఇందుకు ఆధారం. ఇందులో కంప్రెసర్ ఉండదు. మంట వేడికి నీటిలోంచి అమ్మోనియా విడిపోతుంది. అది చల్లబడి ద్రవమై, మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు పెట్టెలోని వేడిని లాక్కుంటుంది. మంటతో చల్లదనం పుట్టించడమంటే ఇదే.

ఇలాంటి బిడారుకు ప్రణాళిక అంటే సరిహద్దు అనుమతులు, నీరు దొరికే మజిలీలు, మరమ్మతు సామాను, వెనుకబడిన బండి కోసం ఎవరు ఆగాలన్న ఒప్పందం. పెద్ద సమావేశాలలో ట్రైలర్లను బండి చక్రం ఆకుల్లా వలయాలుగా నిలిపేవారు. ఈ అమరికలో అందరూ మధ్యనున్న ఖాళీ స్థలం వైపు ముఖం చేసి ఉంటారు.

4. తీగకు కట్టుబడిన ర్యాలీ

1963 జూలై 20న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. దాన్ని చూడటానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో ఒక పాఠశాల ఆవరణలో మోటార్ హోమ్‌లతో 26 కుటుంబాలు కలిశాయి. ఆ కలయిక నుండే ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్ పుట్టింది. తరువాతి కాలంలో ఈ సంఘం సమావేశాలకు వేల వాహనాలు వచ్చాయి.

ఇదే కాలంలో వాహనం లోపల కూడా మార్పు వచ్చింది. పైకప్పు మీద ఎయిర్ కండిషనర్, ఆ తరువాత మైక్రోవేవ్ చేరాయి. వీటిని చిన్న బ్యాటరీ మోయలేదు. విడిది స్థలంలో కరెంటు, నీరు, మురుగు గొట్టం అందించే 'హుకప్' అవసరమైంది. అమెరికాలో సాధారణ ఆర్‌వి కనెక్షన్ 120 వోల్టుల వద్ద 30 ఆంపియర్లు. అంటే 3,600 వాట్లు. నూరు వాహనాల ర్యాలీకి గరిష్ఠంగా 360 కిలోవాట్లు కావాలి. అందరూ ఒకేసారి అంత వాడకపోయినా, వేసవి మధ్యాహ్నం అన్ని ఏసీలూ కలిసి నడిచే సంగతిని నిర్వాహకులు లెక్కలో పెట్టుకోవాలి. ఇంత సరఫరా పొలం గట్టున దొరకదు. అందుకే పెద్ద ర్యాలీలు జిల్లా ప్రదర్శన మైదానాలకు, సొంత కనెక్షన్లున్న పార్కులకు చేరాయి. ప్రవేశ రుసుము పెరిగింది. చోటును ఎంచేది మనుషుల ఇష్టం కాక విద్యుత్ తీగ అయింది.

5. ఎడారికి తిరుగు ప్రయాణం

1954 ఏప్రిల్‌లో బెల్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు సిలికాన్ సౌర ఘటాన్ని ప్రదర్శించారు. పడిన వెలుతురులో సుమారు 6 శాతాన్ని మాత్రమే అది విద్యుత్తుగా మార్చింది. చాలాకాలం వీటి వాడకం ఎక్కువగా ఉపగ్రహాలకే పరిమితమైంది. ధర తగ్గుతూ వచ్చాక 1980ల నుండి ఆర్‌వి పైకప్పుల మీద కూడా సౌర ఫలకాలు కనిపించసాగాయి.

ఈ మార్పు స్పష్టంగా కనిపించే చోటు ఆరిజోనా పశ్చిమాన ఉన్న క్వార్ట్‌జ్‌సైట్. మూడు వేల లోపు జనాభా గల ఈ ఎడారి ఊరికి చలికాలంలో లక్షల మంది వస్తారు. 1967 నుండి ఇక్కడ రాళ్ళు, రత్నాల ప్రదర్శన జరుగుతోంది. చుట్టూ ఉన్న నేల ప్రభుత్వానిది. దాన్ని నిర్వహించే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ 1983లో దీర్ఘకాల విడిది ప్రాంతాలను ఏర్పాటు చేసింది. రుసుము కట్టినవారు సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు అక్కడ ఉండవచ్చు. మిగతా బహిరంగ భూములలో సాధారణంగా 14 రోజుల గడువు. నీళ్ళు పట్టుకునే చోటు, మురుగు వదిలే చోటు ఉన్నాయి గానీ వాహనం దగ్గరకు కరెంటు రాదు.

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీలో 1,200 వాట్-గంటలు ఉంటాయి. బ్యాటరీ త్వరగా పాడవకుండా ఉండాలంటే అందులో సగమే వాడాలి. అంటే 600. నాలుగు ఎల్ఈడీ దీపాలు, ఫ్యాను, నీటి పంపు, ఫోన్లు కలిసి రోజుకు సుమారు 450 వాట్-గంటలు తీసుకుంటాయనుకుందాం. 200 వాట్ల సౌర ఫలకం ఐదు గంటల మంచి ఎండలో, నష్టాలు పోగా, 700 దాకా ఇస్తుంది. ఖర్చు కంటే ఆదాయం ఎక్కువే. కానీ 1,500 వాట్ల ఏసీ వేస్తే ఆ 600 ఇరవై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. గ్రిడ్ లేకుండా బతకడమంటే ఎక్కువ విద్యుత్తు సంపాదించడం కంటే ముందు తక్కువతో సరిపెట్టుకోవడం. అందుకే ఈ విడిది చలికాలంలో, ఎండ బాగా కాసే ఎడారిలో జరుగుతుంది.

డీజిల్, పెట్రోలు జనరేటర్లు నడిపేవారూ ఉన్నారు. ఇక్కడే పాత తగవు కొత్త రూపంలో వచ్చింది. ఒకరి ఏసీ మరొకరి నిద్రకు చేటు. కాబట్టి రాత్రి నిశ్శబ్ద వేళలు పాటించాలన్న నియమం ఏర్పడింది. చాలా ర్యాలీలలో జనరేటర్ వాడేవారికీ వాడనివారికీ వేరు వేరు వరుసలు కేటాయిస్తారు. 1919 నాటి శుభ్రత నియమం లాగే, ఇది కూడా పక్కవాడితో కలిసి బతకడానికి పుట్టిన కట్టుబాటే.

ఎడారికి వచ్చేవారంతా విహారానికే రారు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత ఇల్లు, ఉద్యోగం పోయి వ్యాన్లలో నివసించేవారు పెరిగారు. బాబ్ వెల్స్ చొరవతో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర కొద్దిమందితో మొదలైన 'రబ్బర్ ట్రాంప్ రాండేవూ' కొన్నేళ్ళలోనే వేలమంది సమావేశమైంది. తక్కువ ఖర్చులో సౌర విద్యుత్తు అమర్చుకోవడం వంటి విషయాలు అక్కడ ఒకరికొకరు నేర్పుకుంటారు. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకం, దాని ఆధారంగా 2020లో వచ్చిన సినిమా వీరి జీవితాన్ని లోకానికి చూపాయి. పైకప్పు మీది ఫలకం ఒకరికి సరదా, మరొకరికి ఇంటి దీపం. 1920ల నాటి ప్రశ్న మళ్ళీ తలెత్తింది: బహిరంగ భూమి యాత్రికుడికేనా, ఇల్లులేనివాడికి కూడానా? 14 రోజుల గడువు విహారికి సరిపోతుంది. వేరే ఇల్లు లేనివాడికి అది మళ్ళీ మళ్ళీ వచ్చే ఖాళీ చేయమన్న నోటీసు.

6. సారాంశం

ఆర్‌వి ర్యాలీ చరిత్రను విద్యుత్తు వనరుల ఆధారంగా మూడు దశలుగా చూడవచ్చు. మొదటి దశలో యాత్రికులు లాంతరు, బ్యాటరీ, గ్యాసు వెంట తెచ్చుకుని ఎక్కడైనా దిగారు. రెండవ దశలో అవసరాలు పెరిగి ర్యాలీ కరెంటు ఉన్న చోటుకు కట్టుబడింది. మూడవ దశలో సౌర విద్యుత్తు దాన్ని తిరిగి బహిరంగ నేలకు తెచ్చింది. అయితే తీగ నుండి విముక్తి నియమాల నుండి విముక్తి కాలేదు. విద్యుత్తును ఎవరికి వారు తెచ్చుకోవచ్చు. నేలను, నీటిని, నిశ్శబ్దాన్ని మాత్రం పంచుకోక తప్పదు. ర్యాలీ ప్రణాళికలో అసలు భాగం ఆ పంపకమే.

ముఖ్య పదాలు

హుకప్: విడిది స్థలంలో వాహనానికి ఇచ్చే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్.
బిడారు: ముందే వేసుకున్న పథకం ప్రకారం కలిసి ప్రయాణించే వాహనాల బృందం.
వాట్-గంట: ఒక వాట్ సామర్థ్యం గల పరికరం ఒక గంటలో వాడే విద్యుత్తు.

మాదిరి ప్రశ్నలు

1. ఎలక్ట్రిక్ స్టార్టర్ రాక కారు యాత్రికుల విడిదిని ఎలా ప్రభావితం చేసింది? (10 పంక్తులు)
2. 50 వాహనాల ర్యాలీకి 30 ఆంపియర్ల కనెక్షన్లు ఇవ్వాలంటే గరిష్ఠ సరఫరా ఎంత ఉండాలి? ఆ అవసరం చోటు ఎంపికను ఎలా మారుస్తుంది? (10 పంక్తులు)
3. 'ఒక నియమం వెనుక ఒక తగవు ఉంటుంది.' టిన్ క్యాన్ టూరిస్ట్స్, క్వార్ట్‌జ్‌సైట్ ఉదాహరణలతో చర్చించండి. మీకు తెలిసిన ఒక జాతర లేదా సంత నియమాలతో పోల్చండి. (30 పంక్తులు)