పటమునకు ముందు వెనుకలు

ఖమ్మమునుండి కోదాడకు బోవు మార్గముననున్న నేలకొండపల్లియే భారతకథలోని విరాటనగరమని ఆ ప్రాంతమువారు తరతరములుగా విశ్వసించుచున్నారు. ఊరి చెంతనున్న మట్టిదిబ్బను విరాటరాజు దిబ్బ యని పిలుతురు. సమీపమున బౌద్ధస్తూపావశేషములు త్రవ్వకములలో బయల్పడిన పిమ్మట గూడ ఆ విశ్వాసము సడలలేదు. చరిత్రకారునకు ఈ యైతిహ్యము ప్రమాణము గాకపోవచ్చును గాని, పటములను జూచి ఫలము చెప్పు విద్యను గూర్చి వ్రాయబూనిన నాకు ఆ కథలోని యొక ఘట్టము విడువరానిదిగా దోచుచున్నది. ఉత్తరగోగ్రహణము ముగిసి, కౌరవసేన మరలిపోయినదన్న వార్త విరాటుని కొలువునకు వచ్చినది. కంకుడను పేరుతో నజ్ఞాతవాసము చేయుచున్న ధర్మరాజుతో జూదమాడుచున్న యా రాజు, తన కుమారుడు ఉత్తరుడొక్కడే కురువీరులనందరిని గెలిచెనని పొంగిపోవుచుండగా, బృహన్నల సారథియైన రథమునకు గెలుపు గాక మరేమి కలుగునని కంకుడు పదేపదే పలికెను. రాజు కోపించి చేతిలోని పాచికను అతని ముఖముపై విసరెను, నెత్తురు చిందెను. వార్త యొక్కటే. బృహన్నలగా నున్న అర్జునుని పూర్వకథ నెరిగినవాడు దానిని ఒక విధముగను, ఎరుగనివాడు మరియొక విధముగను జదివిరి.

నేడు మన నగరములలో ఫలము చెప్పుటకు వాడు టారో అను చిత్రముల పేకను క్రొత్తగా గొని, అది చేతికి అలవడక చిక్కుపడు వారిని జూచినప్పుడెల్ల నాకీ ఘట్టము జ్ఞప్తికి వచ్చును. వారు పేకతో వచ్చిన చిన్న పుస్తకమును ముందుంచుకొని 78 ముక్కల అర్థములను వల్లె వేయుదురు. వల్లె వేసినంత మాత్రమున ముక్క పలుకదు. పటములో గనబడు క్షణమునకు ముందేమి జరిగినది, తరువాత నేమి జరుగనున్నది యన్న యెరుక లేనిదే ఏ పటమును జదువబడదని నా యభిప్రాయము. ఈ యెరుకను సంపాదించు మార్గము మన ప్రాంతమున జిరకాలముగ నున్నది గనుకనే ఈ వ్యాసము.

భద్రాచలమున శ్రీరామనవమికి జనులు గుమిగూడు చోట్లను, తిరునాళ్లలోను, సంతలలోను ఒకప్పుడు చిలుకజోస్యుడు తప్పక కనబడెడివాడు. చిన్న కొయ్యపంజరము, దాని ముందర వరుసగా పేర్చిన పటముల కట్ట, ఒక గుప్పెడు ధాన్యము, ఇంతే వాని యుపకరణములు. అడుగవచ్చినవాని పేరు చెప్పి పంజరపు తలుపు తీయగనే రామచిలుక వెలికివచ్చి, ముక్కుతో పటములను ఒకటొకటిగా ప్రక్కకు లాగివైచి, ఏదో యొకదానిని యజమాని చేతికిచ్చి, గింజను గైకొని మరల లోపలికి బోవును. పట్టాభిషేక రాముడో, ఏడుకొండలవాడో, అశోకవనమున శింశుపావృక్షము క్రింద కూర్చున్న సీతయో ఆ పటమున నుండును. సీత పటము వచ్చిన రైతు ముఖము ఒక క్షణము వాడును. అయినను మరుక్షణమే వాడు తేరుకొనును, ఏలయనగా ఆ చెట్టు కొమ్మపై హనుమంతుడు అంగుళీయకముతో వేచియున్నాడని, సముద్రమునకు వారధి కట్టబడునని, రావణుడు కూలునని వానికి బాల్యమునుండి తెలియును. పటము నిలిచిన చోట కథ నిలువదు. జోస్యుడు కొంత చెప్పును, మిగిలినది రైతే చెప్పుకొనును. అడుగువాడును జెప్పువాడును ఒకే కథను పంచుకొనినవారగుట చేతనే ఆ విద్య యంత సులభముగా సాగినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చిలుకను బంధించుటను నిషేధించినది, అది న్యాయమే. పక్షి రెక్కలను గత్తిరించి మనుష్యులు తమ భాగ్యమును దెలిసికొనవలసిన యవసరము లేదు. జోస్యులు క్రమముగా మరుగగుచున్నారు.

  

ఇక టారో పేక యొక్క వంశచరిత్ర చాలమంది తలచునట్లు ఐగుప్తుదేశపు పురోహితులతో నారంభము గాలేదు. ఆటముక్కలు 14వ శతాబ్దపు చివరిభాగమున మమ్లూకు సుల్తానుల రాజ్యమునుండి ఐరోపాకు జేరినవి. ఉత్తర ఇటలీలోని ప్రభువుల కొలువులలో 15వ శతాబ్దమున ఆ పేకకు మరి 22 చిత్రములు చేర్చి క్రొత్తయాట నొకదానిని గల్పించిరి. రమారమి మూడు శతాబ్దములు అది వట్టి యాటయే. 1781లో పారిసు నగరమున కూర్ ద జెబెలాన్ అను పండితుడు ఆ చిత్రములు ఐగుప్తుల గుప్తవిద్య యని ప్రకటించెను. కొలది యేండ్లకే ఎతెయ్యా యనువాడు వానితో ఫలము చెప్పు పద్ధతిని అచ్చువేసెను. ఇదే కాలమున మన దేశమున టారోకు దూరపు జ్ఞాతి యైన గంజీఫా మరియొక మార్గమున బ్రతుకుచుండెను. 1527లో బాబరు ఈ పేకను సింధుదేశమునకు గానుకగా బంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో దాని వర్ణన చేసెను. దక్కనుకు వచ్చిన పిదప నిర్మల, నొస్సము మొదలైన చోట్ల మన చిత్రకారులు ఆ గుండ్రని ముక్కలపై దశావతారములను చిత్రించిరి. అవతారమునకు 12 ముక్కల చొప్పున మొత్తము 120. పగలాడినచో రాముడు గలవాడును, రాత్రి యాడినచో కృష్ణుడు గలవాడును ఆట మొదలిడుట నియమము. మన చిత్రకారులు పరదేశపు పేకను గైకొని, దాని మీద తాము కథ నెరిగిన బొమ్మలను వ్రాసికొని దానిని స్వంతము చేసికొనిరి. ఈ విషయమును నేను గొప్పదిగా భావింతును.

1909లో లండనున వెలువడిన రైడరు సంస్థవారి పేక టారోచరిత్రలో నొక మలుపు. వెయిట్ అను నాతడు సంకల్పింపగా, పమెలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి సంఖ్యాముక్కలకు సైతము మనుష్యులు గల దృశ్యములను చిత్రించినది. అంతకు బూర్వము ఎనిమిది కత్తుల ముక్కయనగా సాధారణముగ ఎనిమిది కత్తులే. ఆమె చేతిలో అది కన్నులకు గంత గట్టబడి, బంధింపబడి, చుట్టును కత్తులు నాటబడిన చోట నిలిచిన స్త్రీ యైనది. మన అశోకవనపు సీతకు ఆమె కెంత సామ్యము! భేదము గూడ నక్కడనే యున్నది. సీత కథ మనకు దెలియును. ఈ స్త్రీని ఎవరు బంధించిరో, ఎవరు విడిపింతురో చిత్రకారిణి చెప్పలేదు. చదువరియే దానిని బూరింపవలెను.

ఒక పేకకు అలవాటుపడినవారు మరియొకటి కొన్నప్పుడు కలుగు తడబాటు వేరు. ముక్క పేరు అదే, బొమ్మ వేరు. దీనికి భద్రాచలమందలి మూలవిరాట్టు కంటె మంచి పాఠము నే నెరుగను. రాముడనగనే మన మనస్సున ద్విభుజుడైన కోదండపాణి మెదలును. భద్రాచలమున ఆయన చతుర్భుజుడు. ధనుర్బాణములతో పాటు శంఖచక్రములు గలవు. సీత ఎడమ తొడపై నాసీన యై యున్నది. విష్ణుమూర్తికి వాడుకగా ఎడమచేత నుండు శంఖము ఇక్కడ కుడిచేత నున్నది. ఈ మార్పును జూచిన భక్తుడు ఇది తప్పని తలచి మరలిపోలేదు. ఏల యని యడిగెను. భద్రమహర్షి తపస్సునకు మెచ్చి, రామావతారము ముగిసిన పిమ్మట వైకుంఠమునుండి వడివడిగా దిగివచ్చుటలో స్వామి ఆయుధముల నెట్లు బట్టెనో చూచికొనలేదని స్థలపురాణము సమాధానము చెప్పినది. ఆ యాలయమును గట్టించి గోలకొండ చెరసాలలో బాధలు పడిన కంచెర్ల గోపన్న నేలకొండపల్లిలో జన్మించినవాడే. క్రొత్త పేకలో నొక ముక్క పాతదానికి భిన్నముగ నున్నప్పుడు ఆ భేదమును గుర్తించి దాని కారణమును విచారించుటయే ఆ పేకతో మొదటి పరిచయము.

క్రొత్త పటమును జేతబట్టు విధానమును మన కథకులు సంస్కారముగ నెరుగుదురు. చేర్యాల చిత్రకారులైన నకాషీలు వ్రాసెడి పటములు 3 అడుగుల వెడల్పున, 40 అడుగులకు మించిన పొడవున గూడ నుండెడివి. గుడ్డకు సుద్దయు, గంజియు, చింతగింజల జిగటయు పూసి, యెఱ్ఱని నేపథ్యముపై కథను దృశ్యములుగా విభజించి చిత్రింతురు. పాండవుల కథను చెప్పు కాకిపడగలవారు, జాంబపురాణమును చెప్పు డక్కలివారు ఈ పటములనే విప్పుచు రాత్రులు గడపిరి. పటము జీర్ణమైనప్పుడు క్రొత్తది వ్రాయించుకొని, పూజతో స్వీకరించి, పాతదానిని నీటిలో నిమజ్జనము చేయుట వారి యాచారము. కథకుడు కథను ముందే కంఠమున ధరించియుండును. అందుచేత చిత్రకారుని చేయి మారినను, రంగు మారినను, అతని వాక్కు తడబడదు.

టారో పేక కొన్నవారికి ఆ సౌకర్యము లేదు. వారి పేకకు గురుపరంపరయు లేదు, ఇంటిలో విన్న కథయు లేదు. కావున వారికి నేను చెప్పదగినది: పుస్తకమును గొన్నాళ్లు మూసియుంచి, ఒక్కొక్క ముక్కను దీసి, అందలి మనుష్యుడు ఎటు చూచుచున్నాడో, అతని పాదములెటు తిరిగియున్నవో, చేతిలో నేమున్నదో, ఆకాశమెట్లున్నదో నిదానముగ బరిశీలింపుడు. ఈ దృశ్యమునకు పూర్వము ఏమి జరిగియుండునో, తరువాత నేమి కానున్నదో ఇంటనున్న యెవరికైనను బిగ్గరగా వినిపింపుడు. వినువారు అడ్డుప్రశ్న వేసినప్పుడు మీ కథలోని లొసుగు మీకే తెలియును. పిదప రెండు మూడు ముక్కలను వరుసగ బెట్టి ఒకదానినుండి మరియొక దానికి నడువుడు. పాత పేక యున్నచో అవే ముక్కలను ప్రక్క ప్రక్కన నుంచి చిత్రకారుడు దేనిని మార్చెనో చూడుడు. ఇంత జరిగిన పిమ్మట పుస్తకమును విప్పినచో, అందలి వాక్యములు శాసనములుగా గాక, మరియొక కథకుని పాఠముగా గనబడును. అంతవరకు ఇతరుల కష్టసుఖముల మీద ఫలము చెప్పబూనవలదు. ముక్కలో భవిష్యత్తు దాగియున్నదని నేను నమ్మను. ఆపదలోనున్న మనిషి తన కథను తానే మరల చెప్పుకొనుటకు ముక్క తోడ్పడగలదని మాత్రము నమ్ముదును. ఆ పనికి తొందరపాటు తగదు.

భద్రాచలపు అడవులలో పటమును జదువు విద్య మరియొక రూపమున గలదు. కోయల కథాగాయకులైన డోలీలు జాతరలలో పడిగె యను త్రికోణాకారపు గుడ్డను విప్పి, దానిపై నున్న బొమ్మలను జూపుచు ఆయా గట్టుల, అనగా వంశశాఖల, వారి కథలను గానము చేయుదురు. వారు చదువునది భవిష్యత్తును గాదు, పూర్వులను. మణుగూరు ప్రాంతపు కూనవరము వాస్తవ్యుడైన సకిని రామచంద్రయ్యకు ఈ విద్యకై 2022లో పద్మశ్రీ లభించినది. ఆయన 2024లో పరమపదించెను. ఆ గుడ్డలను జూచి కథ చెప్పగలవారు నేడు మిక్కిలి తక్కువ. టారో నేర్వగోరు యువకులు, పేక కొనిన ధనములో గొంత ప్రయాణమునకు వెచ్చించి, ఏ కోయజాతరకైనను బోయి, డోలీల యెదుట కూర్చుండి, ఒక పడిగె కథను మొదటినుండి తుదివరకు వినవలెనని నా ప్రార్థన.