చీర ధరలో అమ్మేవాళ్ళ కూలి

చీర ధర పెరిగిందంటే మనం నూలు ధరనీ, నేత కూలినీ, షాపువాడి లాభాన్నీ తలుచుకుంటాం. పదిహేను చీరలు విప్పి చూపించి, మనం వెళ్ళాక మళ్ళీ అన్నీ మడత పెట్టే అమ్మాయి కూలి మాత్రం మనకు తట్టదు. ఆ ఖర్చు తగ్గించడానికి వర్తకులు పన్నిన ఉపాయాల కథ పాతదే. ముందుగా ఇంగ్లండు సంగతి చెప్పుకుందాం.

పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో అక్కడి బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లల జీతంలో కొంతే డబ్బుగా చేతికి వచ్చేది. మిగతాది యజమాని పెట్టే తిండి, ఇచ్చే బస కింద చెల్లు! చాలీచాలని ఆ తిండికీ, ఇరుకు గదిలో మంచానికీ విలువ కట్టేది కూడా యజమానే. పైగా చిన్న తప్పుకల్లా జరిమానా. ఉద్యోగం పోయిందా, నిలువ నీడ కూడా పోయినట్టే. ఇక నోరెత్తేదెవరు?

ఎత్తిన ఒకావిడ ఉంది. ఆమె పేరు మార్గరెట్ బాండ్‌ఫీల్డ్. 1873లో పుట్టింది. పద్నాలుగేళ్ళకే బట్టల కొట్లో పనికి కుదిరింది. తర్వాత లండన్ చేరి గుమాస్తాల సంఘంలో కలిసింది. రాత్రి తోటి పిల్లలు నిద్రపోయాక, కొవ్వొత్తి వెలుగు బయటికి కనబడకుండా కుర్చీకి తువ్వాలు అడ్డం వేసి, మారుపేరుతో సంఘం పత్రికకు వ్యాసాలు రాసేదట. ఆవిడే 1929లో కార్మిక మంత్రి అయింది. బ్రిటిష్ క్యాబినెట్‌లో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే.

కూర్చోవడం అంటే గుర్తొచ్చింది. కొట్లో ముగ్గురు ఆడగుమాస్తాలకు ఒక ఆసనమైనా ఉండాలని 1899లో అక్కడ చట్టం చేశారు. ముగ్గురికి ఒకటి, చూశారా! వారానికి ఒక పూట సెలవు కోసం 1911 దాకా ఆగాల్సి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరో ఉపాయం బాగా వ్యాపించింది. బట్టలు హ్యాంగర్లకు తగిలించి, ‘మీరే ఏరుకోండి’ అన్నారు. అమ్మే మనుషులు తగ్గారు. వెతకడం, తీయడం, పోల్చుకోవడం కొనే ఆడవాళ్ళ వంతైంది. అంటే ఆ పనిలో కొంత మనమే జీతం లేకుండా చేస్తున్నామన్నమాట.

మన చీరల కొట్లలో ఇంకా మనిషి చూపించాల్సిందే. ఆ మనిషి మాత్రం నిలబడే ఉండాలి. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు కూర్చునే వీలూ లేదు, సరైన మరుగుదొడ్డీ లేదు. ఆ భయంతో మంచినీళ్ళు కూడా మానుకునేవారు. విజి అనే కుట్టుపని చేసే ఆవిడ వాళ్ళందరినీ కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టింది. ఏళ్ళ తరబడి పోరాడగా, కొట్లో కూర్చునే హక్కు ఇస్తూ 2018లో కేరళ ప్రభుత్వం చట్టం సవరించింది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. లండన్ ఆసనం మన దాకా రావడానికి నూట పందొమ్మిదేళ్ళు పట్టింది!

ఒక ఆసనానికి షాపువాడికి అయ్యే ఖర్చెంత? ఒక్క చీర లాభం చాలదూ? కొట్లోకి వెళ్ళగానే మనకు కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. ఈసారి అమ్మాయికి కూడా ఒక కుర్చీ ఉందా అని అడిగి చూడండి. కొనేవాళ్ళు అడిగితే యజమాని వినక తప్పదు.