దేశీతాళములు – ఇవోన్ లోరియో పియానో

జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని యూరు. ఆ కవి పండితారాధ్యచరిత్రమునఁ బర్వతప్రకరణమున వీణాభేదములను, నృత్తభేదములను విరివిగాఁ బేర్కొనెను. భూపాలపల్లికి సమీపమునఁ బాలంపేటలో రేచర్ల రుద్రుఁడు వేయించిన రామప్పగుడి శాసనము 1213 నాఁటిది. గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54లో నృత్తరత్నావళిని రచించి, యెనిమిది యధ్యాయములలోఁ గడపటి నాల్గింటిని దేశికే కేటాయించెను. ఇంచుమించుగా నా కాలముననే దేవగిరి యాదవుఁడగు సింఘణుని యాస్థానమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకర తాళాధ్యాయమున 120 దేశీతాళములకు లక్షణములు చెప్పెను. ఆ గ్రంథమునకు సంగీతసుధాకర మను వ్యాఖ్య రచించినవాఁడు రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుఁడు. కావున నీ తాళములు మనకుఁ బరకీయములు కావు.

దేశి యనఁగా నాఁడు జనుల యాటపాటలలో నున్న వర్తమానవిద్య. తరువాత సూళాదితాళములు ప్రబలెను; దేశీతాళములలోఁ బెక్కులకు లక్షణము పుస్తకమున నిలిచెను గాని లక్ష్యము జాఱిపోయెను. వ్యాకరణము చదివినవాఁడను గావున లక్ష్యలక్షణముల యీ యెడఁబాటు నన్ను మిక్కిలి బాధించును. ఆ తాళములు మఱల సభలలో వినఁబడినది మాత్రము మన దేశమునఁ గాదు. ఫ్రాన్సు దేశమున, ఒక స్త్రీ పియానోపై. ఆ వృత్తాంత మించుక వ్రాసెదను.

భరతుని నాట్యశాస్త్రమునఁ గొంతభాగమును 1898లో ముద్రించిన ఫ్రెంచి పండితుఁడు గ్రోసే, లావిన్యాక్ సంగీతకోశమున హిందూసంగీతమును గూర్చి వ్రాయుచు శార్ఙ్గదేవుని తాళముల పట్టికను జేర్చెను. ఒలివియే మెసియాన్ అను సంగీతకర్త కది దొరకెను. ఆయన జర్మనుల చెఱలో నుండి రచించి, 1941 జనవరి 15న ఖైదీల యెదుట వాయించిన చతుర్వాద్యకృతిలో రాగవర్ధన, చంద్రకలా, లక్ష్మీశ తాళములను గ్రుచ్చి 17 కాలప్రమాణముల యావృత్తిని గల్పించెను. దానిపై 29 స్వరసంఘాతముల యావృత్తిని నడపెను. ఈ రెండు సంఖ్యలకును సామాన్యభాజకము లేదు. 493 సంఘాతములు గడచినఁ గాని రెండును మఱల నొక్కచోట మొదలుకావు. చంద్రకలకు మూఁడు గురువులు, మూఁడు ప్లుతములు, ఒక లఘువు, వెరసి 16 మాత్రలు. ఆ నిష్పత్తిని మెసియాన్ చెడఁగొట్టలేదు. చేతితో వేయని తాళము తాళమా యని మన వైణికు లడుగుదురు. ఆ యాక్షేపము న్యాయమైనదే. ఆయన గ్రహించినది మాత్రల కొలతయే, సశబ్దనిశ్శబ్దక్రియలు కావు.

ఇవోన్ లోరియో 1924 జనవరి 20న పారిసు చెంత ఊయ్ అను నూర జన్మించెను. ధర్మమాతయొద్దఁ బియానో నభ్యసించి, పదునాలుగేండ్లు వచ్చుసరికి బాఖ్ 48 పీఠికలు ఫ్యూగులును, బేతోవెన్ 32 సొనాటాలును, మోజార్టు కన్సెర్టోలును గంఠస్థము చేసికొనెను. మనలో నమరమును, కౌముదిని వల్లించు బాలురవంటి ధారణ. పారిసు సంగీతవిద్యాలయమున నామె గురువు లాజార్ లెవీ యూదుఁ డన్న కారణమున జర్మనుల యాక్రమణకాలమునఁ బదవి కోల్పోయెను. చెఱనుండి విడుదలయై మెసియాన్ 1941లో నచటఁ బాఠము మొదలిడఁగా, తొలి శిష్యులలో నామె యొకతె.

1943 మే 10న 'ఆమెన్ దర్శనములు' అను ద్విపియానో కృతిని గురుశిష్యులు కలిసి వాయించిరి. లయకఠినములైన భాగములు శిష్యురాలివే. 1945 మార్చి 26న, రెండు గంటలపాటు సాగు 'బాలయేసుపై ఇరువది దృక్కులు' అను కృతిని దొలిసారి వాయించినదియు నామెయే. 1949 డిసెంబరు 2న బోస్టనులో బెర్న్‌స్టైన్ నాయకత్వమున 'తురంగలీల' యను మహావాద్యవృందకృతి వెలువడఁగా, నందును బియానో యామెదే.

ఈ పేరును గూర్చి రెండు మాటలు. ఇది శార్ఙ్గదేవుని పట్టికలోని యొక తాళపు పేరు. గమ్ ధాతువుపై ఖచ్ ప్రత్యయము, ముమాగమము, టిలోపము రాఁగా 'తురంగ' శబ్దము సిద్ధించును. తాళనామముగా 'తురంగలీలః' బహువ్రీహి. గుఱ్ఱపు లీలవంటి లీల గలది యని యర్థము. మెసియాన్ దీనిని విడఁదీసి, తురంగ మనఁగాఁ బరువెత్తు కాలమనియు, లీల యనఁగా సృష్టిసంహారక్రీడ, ప్రేమ యనియు వివరించెను. తురంగమునకుఁ గాల మను నర్థము కోశములలో లేదు. అయినను గాలమును సప్తరశ్మియగు నశ్వముగా వర్ణించిన సూక్త మథర్వవేదమునఁ గలదు గదా! ఎఱుఁగకయే యాయన దానిని సమీపించెనని నాకుఁ దోఁచును.

ఆమె మెసియాన్‌ను 1961లో వివాహమాడెను. దీనిని బట్టి యామె కృషి యంతయు భర్తృభక్తి యని కొందఱు తేల్చివేయుదురు. అది సరికాదు. బార్టోక్ రెండవ కన్సెర్టోను 1945లోఁ బారిసువారికిఁ దొలుత వినిపించినది యామె. బూలేజ్ రెండవ సొనాటాను 1952లో డార్మ్‌స్టాట్‌లో వాయించెను. బరాకే సొనాటాను 1957లో ధ్వనిముద్రణ చేయించెను. 1961లో బూలేజుతోఁ గూడి యాయన 'స్ట్రక్చర్స్' రెండవభాగమును వాయించెను. శ్రోతలు చెవులు మూసికొను కృతులకు వ్రేళ్లిచ్చుట కీర్తికాంక్షచేఁ జేయఁదగిన పని కాదు. ప్రాచీనముపై ద్వేషముననైనను గాదు; 1964లో మోజార్టు కన్సెర్టోలను 22 పారిసులో వరుసగా వాయించినది యామెయే.

1956లో నామె వాయించిన 'విదేశపక్షులు' హిందూదేశపుఁ గొండగోరింక కూఁతతో మొదలగును. అందు మన తాళములును గలవు.

మెసియాన్ 1992లో మరణించెను. ఆయన యసంపూర్ణముగా విడిచిన లయశాస్త్రగ్రంథమును లోరియో పరిష్కరించి, 1994 మొదలు 2002 వఱకు నేడు సంపుటములుగాఁ బ్రకటించెను. మొదటి సంపుటమునందే శార్ఙ్గదేవుని 120 దేశీతాళములును గలవు. ఆమె 2010 మే 17న దివంగతురాలయ్యెను.