టీవీ పక్కనే రౌటర్

తెనాలిలో ఏ ఇంటికి వెళ్ళినా వైఫై రౌటర్ హాల్లో టీవీ పక్కనే కనిపిస్తుంది. ఆ చోటు ముప్పై ఏళ్ళ కిందట, కేబుల్ వైరు ఇంట్లోకి వచ్చిన రోజునే ఖాయమైపోయింది. అప్పట్లో వీధులన్నీ తిరిగి ఆ వైర్లు లాగిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు అదే వీధుల్లో మా మేనల్లుడితో కలిసి ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్నాను.

1990ల మొదట్లో కేబుల్ అంటే డాబామీద ఒక పెద్ద డిష్, దాని కింద ఒక గది, అందులో రిసీవర్లు, సినిమా క్యాసెట్లు వెయ్యడానికి ఒక వీసీఆర్. ఆ గదిని కంట్రోల్ రూమ్ అనేవాళ్ళం. 1991లో స్టార్ టీవీ వచ్చింది, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఆ తర్వాత కనెక్షన్ అడగని వీధి లేదు. అదే ఏడాది కేబుల్ చట్టం వచ్చి, ఆపరేటర్లంతా పోస్టాఫీసులో రిజిస్టరు చేయించుకోవలసి వచ్చింది.

రాగి వైరులో సిగ్నల్ పోనుపోనూ నీరసిస్తుంది. అందుకని మధ్యమధ్యలో ఆంప్లిఫయర్లు పెట్టేవాళ్ళం. వాటికి కరెంటు కావాలి కదా, వీధిలో ఎవరో ఒకరి ఇంట్లోంచి తీసుకుని ఆ ఇంటికి కనెక్షన్ ఉచితంగా ఇచ్చేవాళ్ళం. వాళ్ళింట్లో ఫ్యూజు పోతే అక్కణ్ణించి వీధి చివరిదాకా బొమ్మ పోయేది. ఉరుములూ మెరుపులూ మొదలయ్యాయంటే మాకు నిద్ర ఉండేది కాదు. పిడుగు దగ్గర్లో పడితే ఆంప్లిఫయర్లు మాడిపోయేవి.

ఇంటి దగ్గరికి వచ్చాక గోడకి చిల్లు పెడతామంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. కిటికీ చట్రం మూలన సన్నటి బెజ్జం వేసి వైరు లోపలికి తోసేవాళ్ళం. బ్లేడుతో పై తొడుగు గీసి, లోపలి జాలీని వెనక్కి మడిచి, తెల్లటి పొర కోసి, మధ్య తీగ పావంగుళం బయటికి వచ్చేలా చూసుకుని పిన్ను బిగించేవాళ్ళం. జాలీలో ఒక్క పోగు మధ్య తీగని తాకినా బొమ్మ రాదు. ఆ కిటికీ హాల్లోది, ఆ వైరు వెళ్ళేది టీవీ వెనక్కి. తర్వాత డిజిటల్ సెట్‌టాప్ బాక్సు వచ్చినా ఆ వైరు చివరే కూర్చుంది. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైతే మోడెం కూడా హాల్లోకే వచ్చింది, ల్యాండ్‌ఫోను అక్కడే ఉండేది కనక. ఇళ్ళలో వైఫై పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేకుండా ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని వదిలిపెట్టిందీ ఆ ఏడాదే.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ పథకాన్ని ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానళ్ళు, ఫోను ఇచ్చేవారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగారు. ఇంటింటికీ చేర్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకి ఇచ్చారు. నా దృష్టిలో ఆ పథకంలోకెల్లా తెలివైన నిర్ణయం అదే. ఏ ఇంటికి ఏ పిట్టగోడ మీదుగా వెళ్ళాలో, ఎవరిని అడిగితే డాబా ఎక్కనిస్తారో మాకు కంఠతా వచ్చు.

ఫైబర్ లోపలి గాజు పోగు మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం సుమారు 9. జాయింటు వెయ్యాలంటే పోగుని స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌లో పెట్టి నున్నగా కోసి, రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మెషీన్‌లో ఎదురెదురుగా పెట్టాలి. తెరమీద రెండు నల్లటి కడ్డీల్లా కనిపిస్తాయి. ఒక నిప్పురవ్వ మెరిసి రెండూ ఒకటైపోతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం ఇష్టం. ఒక పోగుని స్ప్లిట్టర్ పెట్టి 32 ఇళ్ళకి పంచినా దారిలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా పక్కింటి ఇంటర్నెట్ ఆగదు. పాత రోజులు చూసినవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది.

అంత సన్నటి పోగూ పాత కిటికీ బెజ్జంలోంచే లోపలికి వెళ్ళి టీవీ దగ్గర, రౌటర్ కూడా తనలోనే ఉన్న ఫైబర్ బాక్సులో ఆగింది. 2020 లాక్‌డౌన్ దాకా అది ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ పిల్లలు హైదరాబాద్, బెంగళూరు నుంచి ఇళ్ళకి వచ్చి పడకగదుల్లో తలుపులేసుకుని పనికి కూర్చున్నారు. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో ఉంటుంది. తూర్పు ముఖం ఇళ్ళలో హాలు ముందువైపు. అంటే రౌటర్ ఇంటికి ఒక మూల, పనిచేసే మనిషి ఎదురు మూల. మధ్యలో గోడలు, వాటిని ఆనుకుని ఇనప బీరువా. పాత మిద్దెల్లో అయితే అడుగున్నర మందం గోడలు. వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ తరంగం గోడల్ని దాటడంలో మరీ బలహీనం. ‘ఫైబర్ పెట్టించుకున్నా నెట్ రావట్లేదు బాబాయ్’ అని ఫోన్లు మొదలయ్యాయి. మీటరు పెడితే వెలుగు మైనస్ 20 డీబీఎం చూపిస్తుంది, లక్షణంగా ఉన్నట్టే. బాధంతా చివరి ముప్పై అడుగుల్లో ఉంది.

ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని వైఫైని ఇల్లంతా పంచే మెష్ పెట్టెలు మా ఊరికి అలా వచ్చాయి. రేడియోలు ఒకదానికొకటి కబురు అందించుకునే ఈ పద్ధతి మీద 1970ల్లోనే అమెరికా రక్షణశాఖ పరిశోధనలు చేయించింది. ఇళ్ళకి పనికొచ్చే పెట్టెలుగా 2016 ప్రాంతంలో బజారుకి వచ్చింది. పెట్టేటప్పుడు ముందు ఫైబర్ బాక్సులోని వైఫై ఆపేస్తాం, రెండు పేర్లు కనిపించి ఫోను తికమకపడకుండా. మొదటి మెష్ పెట్టెని ఆ బాక్సుకి వైరుతో కలిపి యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచడం మాత్రమే చేసేలా, మారుస్తాం. అందరూ పొరపడేది రెండోదాని దగ్గర. సిగ్నల్ అందని పడకగదిలోనే పెట్టమంటారు. తనకే అందనిది అది ఇంకొకరికి ఏమిస్తుంది? హాలు ద్వారానికీ పడకగది ద్వారానికీ ఎదురుగా, నడవలో ఎత్తుగా పెట్టాలి. వైరు లాగే వీలుంటే ఇంకా మంచిది, గాలిలో సగం వేగం పోగొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు కొత్త ఇల్లు కట్టేవాళ్ళు స్లాబు వెయ్యకముందే కబురు చేస్తే నేను స్వయంగా వెళ్ళి మేస్త్రీతో మాట్లాడుతున్నాను. హాలు నుంచి నడవకి ఒక ఖాళీ పైపు, మేడమీద మెట్ల దగ్గరికి ఇంకొకటి వేయిస్తున్నాను. ఫైబర్ బాక్సు టీవీ వెనక వద్దనీ, ఇంటి నడిమధ్య గోడకి పెట్టమనీ చెబితే చాలామంది వింటున్నారు.