బండి నిలిచిన చోట సుంకము

రాజ్యములు మారినవి, నాణెములు మారినవి, ఎడ్లబండ్ల స్థానమున మోటారుబండ్లు వచ్చినవి. కాని త్రోవలో బండి కెదురుగా చేయి చాచి నిలుచువాడు మాత్రము మనలను విడువలేదు. వానిని మన పెద్దలు సుంకరి యనిరి. ఆ మాట నేటికిని పెక్కు కుటుంబములకు ఇంటిపేరై నిలిచి యున్నది. సంతలోను, బండ్లు నిలుపు తావులలోను వసూలు చేయు రుసుమును ఆశీలు అందురు. ఈనాడు నగరములలో కారు నిలిపినందుకు ఇచ్చుకొను పార్కింగు రుసుము ఆ వంశములోనిదే. ఖజానా వట్టిపోయిన పురపాలక సంఘములకు ఇది సులభమైన రాబడిగా తోచుచున్నది. ఇట్టి రాబడితో ఊరిని నడపవచ్చునా? ఈ ప్రశ్నకు మన చరిత్రలోనే కొంత సమాధానము కలదు.

పల్నాడు జిల్లాలోని నూజెండ్ల వంటి పల్లెనుండి చూచినచో ఈ ప్రశ్నలోని మెలిక తెలియును. ఊరిలో బండి నిలుపుటకు ఒక వేపచెట్టు నీడ చాలును. పంట నమ్ముకొనుటకో, బట్టలు కొనుటకో, వైద్యునికి చూపించుకొనుటకో వినుకొండకు గాని నరసరావుపేటకు గాని పోయినప్పుడే నిలుపు తావునకు వెల కట్టవలసి వచ్చును. ఆ వెల చెల్లించువారిలో పెక్కుమందికి ఆ పట్టణమున ఓటు లేదు. ఓటు లేనివానిపై రుసుము పెంచుట పాలకులకు సులభము. ఈ రుసుములో ఉన్న ఆకర్షణయు, అపాయమును అదియే.

సుంకము న్యాయముగా నుండవలెనను భావము మనకు క్రొత్తది కాదు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము తుపానునకు ఓడ పగిలి సరుకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో రాజులు దానిని స్వాధీనము చేసికొనెడివారు. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించి, ముప్పదింట ఒక వంతు నిర్ణీత సుంకము మాత్రమే తీసికొందునని రాతిపై చెక్కించెను. వర్తకునకు కావలసినది సుంకము లేకుండుట కాదు. ఎంత యీయవలెనో ముందుగా తెలియుట.

కుంపిణీవారి కాలమున ఈ నీతి మరుగుపడెను. సరుకు ఒక చోటినుండి మరియొక చోటికి పోవు దారి పొడుగునను సుంకపు చావళ్లు వెలసెను. వసూలు హక్కును గుత్తకిచ్చుటచే గుత్తదారు తాను పాడిన పాటకు పైగా రాబట్టుకొన జూచెడివాడు. తుదకు 1844లో చట్టము చేసి మదరాసు రాజధానిలో ఈ రహదారి సుంకములను రద్దు చేసిరి. అయినను, 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో రోడ్లకొరకై మరల సుంకపు గేట్లు లేచినవి. 1931లో మోటారుబండ్లపై పన్ను విధించు చట్టము వచ్చి ఆ గేట్లను తొలగించెను. రాబడి పోయిన స్థానిక సంఘములకు పరిహారమిచ్చు ఏర్పాటును జరిగెను.

ఇక నిలుపు తావు సంగతి. 1920 నాటి మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టములో బండ్ల స్టాండును గూర్చి ఒక నిబంధన కలదు. పురపాలక సంఘము స్టాండు నేర్పరుపవచ్చును. దానిని వాడుకొనువారినుండి రుసుము తీసికొనవచ్చును. స్టాండున్న చోట దాని దరిదాపులలో వీధిప్రక్కల బండ్లు నిలుపరాదని నిషేధింపవచ్చును. మోటారుబండ్లు నిలుపు తావు కూడ బండ్ల స్టాండే యని చట్టము చెప్పినది. నేటి పార్కింగు రుసుమునకు ఇంతకంటె వేరు మూలము వెదకనక్కరలేదు. ఈ నిబంధనలోని వరుసను గమనింపవలెను: మొదట తావు, పిదప రుసుము, ఆ పిదప నిషేధము.

ఈ వరుస తప్పినచో నేమగునో చీరాల పేరాల చెప్పినది. మోటుపల్లికి అనతిదూరమున నున్న ఈ జంటగ్రామములను ప్రభుత్వము 1919లో యూనియను స్థితినుండి మునిసిపాలిటీగా మార్చ సంకల్పించెను. యూనియనుగా నున్నప్పుడు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్నులు 30,000 పైబడెను. ప్రజలలో నేతపనివారు పెక్కుమంది. అంత భారము మోయజాలమని వారు మొరపెట్టుకొనిరి. ఆ మొరను ప్రభుత్వము పాటింపలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులైరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట యొకటి, రెండు మార్గములు చూపెను. 15,000 జనములో సుమారు 13,000 మంది ఇండ్లు విడిచి, వెలుపల రామనగరమున పాకలు వేసికొని పదునొకండు మాసములు నివసించిరి. అచటి వివాదము ఇంటి పన్నులను గూర్చినది, బండ్ల రుసుమును గూర్చినది కాదు. అయినను నీతి యొక్కటే. ఉన్న యూరినే విడిచిపోగలిగిన జనము, రుసుము బరువైన అంగడి వీధిని విడిచిపోలేరా? వినుకొండలో భారమైనచో బండి మరియొక పట్టణమునకు మరలును. అప్పుడు నష్టపోవునది పట్టణపు వర్తకుడే.

విదేశముల అనుభవము కూడ ఇట్టిదే. 1935 జూలైలో అమెరికాలోని ఓక్లహోమా నగరమున మొదటి పార్కింగు మీటరు నిలిపిరి. గంటకు అయిదు సెంట్లు. ఒకే బండి రోజంతయు అంగడి ముందు నిలిచి పోకుండ, వచ్చినవారందరికి చోటు దొరకవలెనని దాని ముఖ్యోద్దేశము. 2008లో షికాగో నగరము లోటును పూడ్చుకొనుటకై తన 36,000 మీటర్ల రాబడిని 75 సంవత్సరములకు ఒక ప్రైవేటు సంస్థకు గుత్తకిచ్చి సుమారు 115 కోట్ల డాలర్లు పుచ్చుకొనెను. హక్కు విలువలో సుమారు 97 కోట్ల డాలర్లు తక్కువకు పోయినదని మరుసటి యేడే నగర తనిఖీ అధికారి తేల్చెను. వచ్చిన సొమ్ములో అధిక భాగము కొలది యేండ్లలోనే వ్యయమైపోయినది. ఇంక అరువది యేండ్ల గడువుండగానే గుత్తదారులకు పెట్టుబడి తిరిగి వచ్చినది. తరువాతి తరములవారు ఆ రుసుమును కట్టుచునే యుందురు. ఊరి పెట్టెకు మాత్రము అది చేరదు. మన ఆశీలు పాటయే అచట డెబ్బదియైదేండ్ల పాట యైనది.

మనదేశమున 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనుల పట్టికలో వీధి దీపములతోపాటు పార్కింగు తావులను గూడ అది చేర్చినది. అనగా నిలుపు తావు మొదట ఒక సదుపాయము, రాబడి తరువాతిది. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సముదాయములలోను, మల్టీప్లెక్సులలోను మొదటి అరగంట రుసుము తీసికొనరాదని ఉత్తరువు చేసినది. బండి నిలుపుటకు చోటు చూపుట వ్యాపారములో భాగమే కాని వేరొక వ్యాపారము కాదను జనాభిప్రాయమునకు అది అద్దము పట్టినది.

కావున పార్కింగు రుసుము చెడ్డదని చెప్పరాదు. ఇరుకు వీధిలో చోటునకు విలువ కలదు, వాడుకొనువాడు ఈయవలసినదే. కాని రుసుమెంతో పలకపై వ్రాయించి యుండవలెను. పాట ఎంతకు పోయినదో ఊరివారికి తెలియవలెను. ఆ సొమ్ములో కొంతయైనను ఆ తావున నీడగాను, త్రాగునీరుగాను కనబడవలెను. నూజెండ్లనుండి వచ్చిన రైతునకు పట్టణ సంఘములో ఓటు లేదు. అతడిచ్చు పది రూపాయలకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఆ కారణముచేతనే సంఘమునకు రెట్టింపగుచున్నది.