గొట్టంలో గుళికలు: నిశ్శబ్ద ఉత్సర్గం చరిత్ర

వాయువు గుండా విద్యుత్తు ప్రవహించడాన్ని విద్యుదుత్సర్గం అంటారు. ఆ ఉత్సర్గం జరిగే గొట్టంలో ఉత్ప్రేరక గుళికలను నింపితే అవి రసాయన చర్యను మాత్రమే వేగవంతం చేస్తాయనీ, విద్యుత్తు మాత్రం ఎప్పటి దారిలోనే సాగుతుందనీ అనుకోవడం సహజం. అయితే గుళిక చేరిన క్షణం నుంచే ఉత్సర్గం స్వభావం మారిపోతుందన్నది ఈ రంగం నెమ్మదిగా, ఎన్నో కొలతల తరువాత గ్రహించిన సత్యం.

ఈ కథకు మూలం జర్మనీలో ఉంది. 1857లో వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు గాజు గొట్టాలను తీసుకుని, లోపలి గొట్టానికి లోపలి వైపున, వెలుపలి గొట్టానికి బయటి వైపున లోహపు రేకు చుట్టి, నడుమ మిగిలిన సన్నని సందులోకి గాలిని పంపి, ఓజోన్‌ను తయారుచేశాడు. రేకులకు ఏకాంతర విద్యుత్తు అందినప్పుడు సందులోని వాయువు అయనీకరణం చెందుతుంది, అంటే దాని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. కానీ అడ్డుగా ఉన్న గాజు మీద ఆవేశం పేరుకుని లోపలి క్షేత్రాన్ని తగ్గించడం వల్ల ప్రతి చిన్న ఉత్సర్గమూ సెకనులో కోటో వంతు వ్యవధిలోనే ఆరిపోయి, భగభగ మండే ఆర్క్‌గా పెరగలేదు. వాయువు చల్లగానే ఉండగా ఎలక్ట్రాన్లు మాత్రం అమిత శక్తితో కదిలే ఇలాంటి స్థితినే నేడు శీతల ప్లాస్మా అంటున్నారు. నిప్పురవ్వల చిటపటలు లేని ఈ ఉత్సర్గానికి 1860లో ఆండ్రూస్, టెయిట్ అనే శాస్త్రవేత్తలు నిశ్శబ్ద ఉత్సర్గం అని పేరు పెట్టారు. 1906లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం తాగునీటి శుద్ధికి ఓజోన్‌ను చేపట్టడం ఈ పద్ధతి ప్రయోగశాల గడప దాటిందనడానికి ఒక గుర్తు.

పైకి సమంగా వెలిగే ఈ ఉత్సర్గపు కాంతి నిజానికి లెక్కలేనన్ని క్షణభంగుర తంతువుల సముదాయమని 1932లో బుస్ అనే పరిశోధకుడు ఛాయాచిత్రాల ద్వారా చూపాడు. 1943లో మాన్లీ అనే పరిశోధకుడు గొట్టానికిచ్చిన వోల్టేజీని ఒక అక్షంపైనా, దాని మీద చేరిన ఆవేశాన్ని మరో అక్షంపైనా గీసి, అలా ఏర్పడే మూసివున్న చిత్రపు వైశాల్యమే ఒక ఆవృత్తిలో ఖర్చయ్యే శక్తి అని నిరూపించాడు. లిస్సాజు చిత్రం అనే ఈ సాధనం లేకుంటే గుళికల ప్రభావాన్ని కొలవడం కష్టమయ్యేది. ఖాళీ గొట్టంలో అది దాదాపు సమాంతర చతుర్భుజంగా కనిపిస్తుంది, గుళికలు నింపితే దాని వాలు, వైశాల్యం రెండూ మారతాయి.

గుళికల ప్రస్థానం మాత్రం బేరియం టైటనేట్‌తో ఊపందుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేర్వేరు దేశాలలో దాదాపు ఒకేసారి వెలుగుచూసిన ఈ పింగాణీ పదార్థపు రోధక స్థిరాంకం, అంటే క్షేత్రంలో ధ్రువణం చెందే సామర్థ్యానికి కొలమానం, వెయ్యిని దాటుతుంది. గాజుకు ఇది సుమారు 5, అల్యూమినాకు సుమారు 9 మాత్రమే. అంతగా ధ్రువణం చెందే గుళికలను సందులో పేర్చితే వాటి లోపల క్షేత్రం బలహీనపడి, గుళికకూ గుళికకూ నడుమ ఉన్న సన్నని వాయు భాగంలో, ముఖ్యంగా అవి ఒకదాన్నొకటి తాకే చోట్ల, ఎన్నో రెట్లు తీవ్రమవుతుంది. 1992లో జపాన్‌లో మిజునో బృందం ఇలాంటి గుళికల పడకతో వాయుశుద్ధి పరికరాన్ని వివరించినప్పుడు, గుళికను ఉత్ప్రేరకంగా కన్నా క్షేత్రాన్ని పోగుచేసే సాధనంగానే చూశారు. ఒకే గుళికలో ఈ రెండు పాత్రలూ ఇమిడి ఉన్నాయని ఆ తరువాత రసాయన శాస్త్రవేత్తల చేతుల్లోనే తేటతెల్లమైంది.

అప్పుడే ఊహకందని ఫలితాలు వచ్చాయి. మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి హైడ్రోజన్ తీసే చర్యపై మాంచెస్టర్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, అధిక రోధక స్థిరాంకం ఉన్న బేరియం టైటనేట్, టైటానియం డయాక్సైడ్‌లు ఖాళీ గొట్టం కన్నా తక్కువ మార్పిడినిచ్చాయి. దూదిలా ఉండే క్వార్ట్జ్ ఉన్ని ఒక్కటే ఖాళీ గొట్టాన్ని మించింది. కారణం స్థలంలో ఉంది. ఒత్తుగా నింపిన గుళికలు తంతువులకు చోటు లేకుండా చేయడంతో ఉత్సర్గం గుళికల ఉపరితలాన్ని పట్టుకుని పాకేదిగా మారుతుంది, ఉన్ని మాత్రం పోగుల నడుమ ఖాళీని మిగిల్చి, కొత్త ఉపరితలాన్ని అదనంగా ఇస్తుంది. ఇలా పాకడాన్ని జపాన్ పరిశోధకులు అతివేగ కెమెరాలతో కళ్లకు కట్టారు. గుళికపై వెండి కణాలు ఉంటే వెలుగు మరింత విశాలంగా పరుచుకోవడం కూడా వారు చూశారు. ఇక సూక్ష్మరంధ్రాల సంగతి గణిత నమూనాలే తేల్చాయి. ఆవేశాల ప్రభావం ఎంత దూరంలో అణగిపోతుందో సూచించే డెబై దూరం కన్నా రంధ్రం ఇరుకైతే, ఆంట్వెర్ప్ బృందపు గణనల ప్రకారం, అందులో ప్లాస్మా పుట్టదు. అంటే ఉత్ప్రేరకానికి ఉన్న విస్తారమైన అంతర్వైశాల్యంలో చాలా భాగం ప్లాస్మాకు నేరుగా అందదు.

ఈ పరిశోధన నేడు అనేక దేశాలలో, హైదరాబాద్ ఐఐటీలో కూడా సాగుతోంది. అయితే ఉత్ప్రేరకం పేరును మాత్రమే ప్రకటించి గుళిక పరిమాణాన్నీ, రోధక స్థిరాంకాన్నీ, నింపిన తీరునూ, లిస్సాజు వైశాల్యాన్నీ చెప్పని ఫలితాన్ని మరో ప్రయోగశాల ఫలితంతో పోల్చడం సాధ్యం కాదు.