పెట్రోలు కారు మూతి ఎందుకంత సన్నం?

పెట్రోలు కారులో డీజిలు నాజిల్ పెట్టబోతే చాలాసార్లు లోపలికి దూరదు. డీజిలు కారులో పెట్రోలు నాజిల్ మాత్రం హాయిగా దూరిపోతుంది. అందుకే పొరపాట్లు ఎక్కువగా ఈ రెండోవైపే జరుగుతుంటాయి. డీజిలుకుండే జిడ్డే ఆ ఇంజను పంపుకి కందెన. పెట్రోలు పడితే ఆ జిడ్డు పోయి, లోపల ఇనుము ఇనుముని రాసుకుంటుంది. తాళం తిప్పకుండా ట్యాంకు ఖాళీ చేయిస్తే బతికిపోతాం, తిప్పామా... జేబుకి చిల్లే!

అయితే పెట్రోలు కారుకి ఆ సన్నమూతి పెట్టింది డీజిలుని ఆపడానికి కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది.

1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న థామస్ మిడ్‌గ్లీ, పెట్రోల్లో కాస్త సీసం మందు (టెట్రా ఇథైల్ లెడ్) కలిపితే ఇంజను కొట్టుకోవడం ఆగుతుందని కనిపెట్టాడు. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. 1924లో న్యూజెర్సీలో ఆ మందు తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. అమ్మకాలు కొన్నాళ్ళు ఆగినా వ్యాపారం మళ్ళీ మొదలైంది. తర్వాత దశాబ్దాల పాటు ఆ సీసం పొగ ద్వారా పిల్లల రక్తంలోకి చేరుతూనే ఉంది.

1975 మోడల్ నుంచి అమెరికాలో చాలా కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. వీటిలోని ప్లాటినం మీద సీసం పూతలా పేరుకుంటే ఇక కన్వర్టర్ పని అయిపోయినట్టే. అందుకని ప్రభుత్వం ఓ ఉపాయం చేసింది. సీసం లేని పెట్రోలు నాజిల్ 0.84 అంగుళానికి మించకూడదు, సీసం ఉన్నదాని నాజిల్ 0.93 అంగుళానికి తగ్గకూడదు. కొత్త కార్ల మూతి సన్నది మాత్రమే పట్టేలా చేశారు. మన భాషలో చెప్పాలంటే టైప్ చెకింగ్ అన్నమాట.

మరి యూజర్లు ఊరుకుంటారా? సీసం పెట్రోలు గాలనుకి కొన్ని సెంట్లు చవక. గరాటు పెట్టి పోసుకున్నవాళ్ళు కొందరు, మూతిలోని అడ్డుని పగలగొట్టినవాళ్ళు ఇంకొందరు. తమాషా ఏంటంటే కారుకేమీ కాలేదు! ఇంజను బ్రహ్మాండంగా నడిచింది. ఎర్రర్ మెసేజ్ లేకుండా కన్వర్టర్ మాత్రం చచ్చిపోయింది. డీజిలు కారులో పెట్రోలు పోస్తే శిక్ష పోసినవాడికే. ఇక్కడ లాభం వాడిది, పొగ పక్కింటి పిల్లలది.

చివరికి 1985లో ప్రభుత్వం అసలు సీసం మీదే పడింది. గాలనుకి 1.1 గ్రాములున్న పరిమితిని 1986 జనవరి నుంచి 0.1 గ్రాముకి దించేసింది. 1996లో రోడ్డు మీద తిరిగే వాహనాలకి పూర్తిగా నిషేధించింది. మన దేశంలో 1995 ఏప్రిల్లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లతో మొదలై, 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం పెట్రోలు పోయింది. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియా ఆపేసింది.

నాకర్థమైంది ఒక్కటే. సన్నమూతి పొరపాటుని ఆపగలదు గానీ కక్కుర్తిని ఆపలేదు. తప్పు చేసినవాడికి నష్టం లేనప్పుడు ఎంత మంచి డిజైన్ అయినా గరాటు ముందు దిగదుడుపే. అలాంటిచోట చెక్ పెట్టి కూర్చోకూడదు, ఆ తప్పు ఆప్షన్నే తీసి అవతల పారెయ్యాలి.